రెండో భాగం చదివిన వేసవి

పోయిన వేసవిలో, కడప ఎండకు మధ్యాహ్నం గడప దాటలేని రోజుల్లో, తొమ్మిదో తరగతి ముగించిన మా అక్క కూతురూ నేనూ కలిసి ఒక ఆంగ్ల నవలను ఆసాంతం చదివాము. నైజీరియా మూలాలు గల అమెరికన్ రచయిత్రి నెడి ఒకొరాఫోర్ 2011లో వెలువరించిన ‘అకాటా విచ్’కు కొనసాగింపుగా 2017లో వచ్చిన ‘అకాటా వారియర్’ అది. పుస్తకం తెప్పించేటప్పుడే ఒక పొరపాటు జరిగింది. ‘అకాటా’ అనేది నల్లజాతి అమెరికన్లను చులకన చేసే మాట. ఆ మాట లేకుండా బ్రిటన్, నైజీరియాలలో ఇదే నవలను ‘సన్నీ అండ్ ద మిస్టరీస్ ఆఫ్ ఒసిసి’ పేరుతో వేశారని తెలియక, అది వేరే భాగమనుకొని రెంటికీ డబ్బు కట్టాను.

మొదటి భాగం చదివి అప్పటికి రెండేళ్లయింది. నలభై పుటలు దాటినా ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాము. అప్పుడు చదవడం ఆపి, మొదటి భాగాన్ని మళ్లీ తిరగేసి, కథానాయిక సన్నీ, ఆమె స్నేహితులు ఓర్లు, చిచి, సాషా అంటూ పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాము. మంత్రవిద్య తెలిసిన ‘లెపర్డ్ పీపుల్’కు పాప ‘చిరుతజనం’ అని పేరు పెట్టింది.

‘విచ్’ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాము. “మంత్రగత్తె అందామా చిన్నమ్మా?” అని పాప అడిగితే, పక్కనే కూర్చున్న మా అమ్మ “ఆ మాట ఇంట్లో అనొద్దమ్మా” అంది. అమ్మ భయం అర్థం లేనిది కాదు. చేతబడి చేసిందన్న నెపంతో ఆడవాళ్లను కొట్టిన, చంపిన సంఘటనలు మన పల్లెల్లో జరిగాయి. సన్నీ ఎవరికీ కీడు తలపెట్టే మనిషి కాదు. పుట్టుకతో చర్మానికి రంగు లేక, ఎండ సోకితే ఒళ్లు కమిలిపోయే పిల్ల. తన శక్తిని తెలుసుకున్న తరువాతే పగటిపూట ఫుట్‌బాల్ ఆడగలిగింది. చివరకు ‘విద్య తెలిసిన పిల్ల’ అని చెప్పుకున్నాము.

ఆ మాట కుదరడానికి కారణం కథలోనే ఉంది. మన మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో దాగి ఉంటుంది. అతని బలమంతా ఆ దాపరికంలోనే ఉంది. చిరుతజనం బలం నేర్చుకోవడంలో ఉంది. కొత్త విషయం ఒంటబట్టిన ప్రతిసారీ ‘చిట్టిం’ అనే లోహపు కడ్డీలు పైనుంచి రాలిపడతాయి, అవే అక్కడి డబ్బు. వాటిలో రాగివాటికి విలువ ఎక్కువ, బంగారువాటికి అన్నిటికన్నా తక్కువ.

రెండో భాగంలో నన్ను కట్టిపడేసింది సన్నీ ఒక పుస్తకం చదవడానికి పడే పాట్లు. అది న్సిబిది లిపిలో ఉంటుంది. ఈ లిపి రచయిత్రి కల్పన కాదు. ఆగ్నేయ నైజీరియాలో, క్రాస్ నది పరిసరాల్లో ఎజగాం తదితర జాతుల వారు తరతరాలుగా గుడ్డల మీద, సొరబుర్రల మీద వేసుకున్న గుర్తుల లిపి. కథలో ఆ గుర్తులు కదులుతాయి, చదివేవారి సత్తువను లాగేస్తాయి, అందువల్ల సన్నీ కొంచెం కొంచెంగానే చదవగలుగుతుంది. ఆంగ్లంలో రోజుకు పది పుటలు దాటలేక నీరసపడుతున్న పాపకు ఆ ఘట్టం కొండంత ధైర్యం ఇచ్చింది. ఆ తరువాత తెలియని మాట ఎదురైనప్పుడు దాటవేయడం మానేసింది.

అన్నిటికన్నా కష్టపడి దాటింది నేలమాళిగ ఘట్టం. ఆపదలో చిక్కిన అన్నను కాపాడటానికి నియమం మీరి విద్యను ప్రయోగించినందుకు సన్నీని గ్రంథాలయం అడుగున బంధిస్తారు. అక్కడే ఆమెకూ, ఆమె ఆత్మరూపమైన అన్యాన్వుకూ మధ్య బంధం తెగిపోతుంది. పాప పుస్తకం మూసి రెండు రోజులు ముట్టలేదు, నేనూ బలవంతపెట్టలేదు. మూడో రోజు తనే వచ్చి, “అన్యాన్వు మళ్లీ వస్తుందా చిన్నమ్మా? వద్దు, చెప్పొద్దు, చదువుదాం” అంది.

బడి తెరిచే ముందురోజు సాయంత్రం ముగించాము. 2022లో వచ్చిన మూడో భాగం ‘అకాటా వుమన్’ కోసం పాప ఆ నోటుపుస్తకంలో సగం పుటలు ఖాళీగా ఉంచింది.