ఒకే స్టాండు మీద రెండు ఫ్లాష్‌లు
తలంబ్రాల వేళ ఫ్లాష్ మళ్ళీ ఛార్జ్ అయ్యేలోపే దోసిలిలోని బియ్యం జారిపోయి, మంచి ఫోటోలు ఎన్నో నా చేజారాయి. అందుకే ఇప్పుడు ఒకే స్టాండుకు జంట ఫ్లాష్ బ్రాకెట్ బిగించి, రెండు ఫ్లాష్‌లనూ తెల్ల గొడుగులోకి తిప్పి వాడుతున్నాను. ఒక ఫ్లాష్ పూర్తి శక్తితో ఇచ్చే వెలుగును రెండూ చెరి సగం పంచుకుంటాయి కనుక అవి త్వరగా సిద్ధమవుతాయి, అంతగా వేడెక్కవు. రెండింటినీ పూర్తి శక్తితో వెలిగించినా పెరిగే కాంతి ఒక్క స్టాప్ (అంటే రెట్టింపు) మాత్రమే, అంటే లెన్స్ రంధ్రం ఎఫ్/5.6 దగ్గర ఉంచి తీసే ఫోటోను దానికన్నా చిన్న రంధ్రమైన ఎఫ్/8 దగ్గర తీయవచ్చు. వెలుగు మెత్తదనం గొడుగు పరిమాణాన్ని, దూరాన్ని బట్టి ఉంటుంది గాని ఫ్లాష్‌ల సంఖ్యను బట్టి కాదు. బరువంతా స్టాండు పైభాగానికే చేరుతుంది కాబట్టి, పిల్లలు పరుగులు తీసే మండపం పక్కన దాని కాళ్ళ మీద ఇసుక సంచి పెట్టనిదే నేను కెమెరా ముట్టుకోను.