ప్రపంచీకరణ: నిర్వచనం, సిద్ధాంతం, భావజాలం విడివిడిగా చదివిన అనుభవం

తోటి అభ్యర్థులకు నమస్కారం. సిలబస్‌లో ప్రపంచీకరణ అధ్యాయం చూడగానే, రోజూ పత్రికల్లో చదువుతున్న విషయమే కదా అనుకుని రెండు రోజుల్లో ముగించి పక్కన పెట్టినవారిలో నేనూ ఒకణ్ణి. తరువాత ఒక మాదిరి పరీక్షలో "ప్రపంచీకరణను నిర్వచించండి" అన్న ప్రశ్నకు, మార్కెట్లు ఏకమై అందరికీ మేలు చేసే, ఎవరూ ఆపలేని ప్రక్రియే ప్రపంచీకరణ అని ధీమాగా రాశాను. జవాబు దిద్దినవారు ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన "ఇందులో నిర్వచనం ఎంత?" అని మాత్రం రాశారు. ఆ ప్రశ్నకు సమాధానం వెతుక్కోవడానికి నాకు దాదాపు నెల పట్టింది.

నా వాక్యాన్ని విడగొట్టి చూస్తే, "మార్కెట్లు ఏకం కావడం" అన్న ముక్క ఒక్కటే నిర్వచనానికి దగ్గరగా ఉంది, అదీ అసంపూర్ణంగా. "అందరికీ మేలు", "ఆపలేనిది" అన్నవి ప్రపంచీకరణను సమర్థించేవారి వాదనలు. అంటే నేను నిర్వచనం పేరుతో ఒక భావజాలాన్ని అప్పజెప్పాను. అప్పటి నుంచి ఏ వాక్యం చదివినా అది విషయం ఏమిటో చెబుతోందా, ఎందుకు జరుగుతోందో చెబుతోందా, అది మంచిదని గానీ చెడ్డదని గానీ నన్ను ఒప్పించజూస్తోందా అని అడిగి, నోట్సులో నిర్వచనం, సిద్ధాంతం, భావజాలం అని మూడు రంగుల సిరాతో రాసుకోవడం మొదలుపెట్టాను.

నిర్వచనాల్లో నాకు బాగా ఉపయోగపడినవి రెండు. దూరదూరాల ప్రాంతాలను కలిపే సామాజిక సంబంధాలు ప్రపంచవ్యాప్తంగా గాఢమై, ఎన్నో మైళ్ల అవతల జరిగే సంఘటనలు ఇక్కడి పరిణామాలను, ఇక్కడివి అక్కడి పరిణామాలను మలచడమే ప్రపంచీకరణ అని సమాజశాస్త్రవేత్త ఆంథొనీ గిడెన్స్ 1990లో అన్నారు. మరో సమాజశాస్త్రవేత్త రోలాండ్ రాబర్ట్‌సన్ 1992లో ఇచ్చిన నిర్వచనంలో రెండు భాగాలున్నాయి: ప్రపంచం కుదించుకుపోవడం ఒకటి, ప్రపంచమంతా ఒక్కటేనన్న స్పృహ బలపడటం రెండవది. చాలామంది జవాబుల్లో ఈ రెండవ భాగం కనిపించదు. నేనూ చాలాకాలం వదిలేశాను. సరుకులు, పెట్టుబడులు ఎంత కదిలినా, మనుషులు తమను ఒకే ప్రపంచంలో భాగంగా ఊహించుకోకపోతే పర్యావరణ ఉద్యమం గానీ మానవ హక్కుల భాష గానీ పుట్టే వీలు లేదు. ఆ భాగం లేకుండా రాసిన జవాబు ఆర్థికశాస్త్రం దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కడే నాకు ఆలస్యంగా తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. ప్రపంచీకరణ ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నకు జవాబు మనం ఎంచుకున్న నిర్వచనంలోనే దాగి ఉంటుంది. సరిహద్దులు దాటే వర్తకమూ పెట్టుబడీ కొలమానమైతే, 1870 నుంచి 1914 వరకు నడిచిన బంగారు ప్రమాణ యుగం (దేశాల కరెన్సీల విలువను బంగారంతో ముడిపెట్టిన కాలం) చాలా బలమైన పోటీదారు అవుతుంది. దీన్నే ఆధారం చేసుకుని పాల్ హర్స్ట్, గ్రాహమ్ థాంప్సన్ అనే పరిశోధకులు 1996లో, ఇప్పటిది పూర్తిగా కొత్త దశ అన్న మాటను ప్రశ్నించారు. పెట్టుబడిదారీ శ్రమ విభజన కొలమానమైతే సమాజశాస్త్రవేత్త ఇమ్మాన్యుయెల్ వాలర్‌స్టీన్‌తో పాటు పదహారవ శతాబ్దానికి వెళ్లాలి. భూభాగంతో నిమిత్తం లేని, అంటే దూరాలూ సరిహద్దులూ అడ్డురాని, సంబంధాలే అసలు కొత్తదనమని ప్రపంచీకరణ పరిశోధకుడు యాన్ ఆర్ట్ షోల్ట్ అన్నట్టు అనుకుంటే, ఇరవయ్యవ శతాబ్దపు రెండవ సగమే ముఖ్యమవుతుంది. తేదీలను విడిగా కంఠస్థం చేయడం మానేసి, ప్రతి తేదీ పక్కన అది ఏ నిర్వచనం నుంచి వచ్చిందో రాసుకున్నాక, ఈ ఒక్క పేజీ నాకు మిగిలిన నోట్సు అంతటికన్నా ఎక్కువ పనికొచ్చింది.

సిద్ధాంతాలను నేను జంటలుగా చదివాను, ఎందుకంటే ఒంటరిగా చదివిన సిద్ధాంతం పరీక్ష గదిలో పేరు మాత్రమే గుర్తుకు తెస్తుంది. ఒకే వాస్తవాన్ని ఇద్దరు ఎలా వివరిస్తారో చూడండి. కొత్తగా స్వతంత్రమైన పేద దేశాలు కూడా సంపన్న దేశాల్లాగే విద్యా మంత్రిత్వ శాఖనూ రాజ్యాంగాన్నీ ఏర్పాటు చేసుకుంటాయి. ప్రపంచ సంస్కృతి అనేది ఒకటుంది, ఆధునిక రాజ్యం ఎలా ఉండాలో దాని నమూనాలు నిర్దేశిస్తాయి, అందుకే స్థోమతతో సంబంధం లేకుండా రూపాలు ఒకేలా ఉంటాయని సమాజశాస్త్రవేత్త జాన్ మేయర్ బృందం అంటుంది. వాలర్‌స్టీన్ దృష్టిలో రూపాలు ఒకేలా ఉండటం ముఖ్యం కాదు. లాభం పోగయ్యే కేంద్ర దేశాలు, ముడిసరుకూ చవక శ్రమా అందించే అంచు దేశాలు, వాటి నడుమ ఉండే అర్ధ అంచు దేశాలు అన్న అంతస్తుల్లో లాభం ఎటు ప్రవహిస్తోందన్నదే ముఖ్యం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రాసిన పేరాకు, నలుగురి పేర్లు వరుసగా రాసిన పేజీ సాటిరాదు. భౌగోళికవేత్త డేవిడ్ హార్వే 1989లో చెప్పిన కాల స్థల సంకోచాన్ని (వేగం పెరిగి దూరమూ సమయమూ కుదించుకుపోయినట్టు అనిపించడం), మానవశాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై చెప్పిన అయిదు ప్రవాహాలను (మనుషులు, మాధ్యమాలు, సాంకేతికత, డబ్బు, భావాలు) అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు.

రాజనీతి శాస్త్రవేత్త డేవిడ్ హెల్డ్, ఆయన సహరచయితలు 1999లో చేసిన వర్గీకరణ, అంటే రాజ్యాల కాలం చెల్లిందనే అతివాదులు, ఇందులో అంత కొత్తదేమీ లేదనే సంశయవాదులు, రాజ్యం పోలేదు గానీ దాని రూపం మారుతోందనే పరివర్తనవాదులు అన్నది, మనందరికీ కంఠోపాఠమే. కానీ అవి ఒక చర్చలోని పక్షాలు. కారణాలు వివరించే సిద్ధాంతాలు కావు. పైగా ప్రతి అభ్యర్థీ చివరికి మధ్యేమార్గమని పరివర్తనవాదులను చేరుకుంటాడు. నాకు మాత్రం సంశయవాదులే మంచి గురువులనిపించారు. వాళ్లు అంకెలు చూపమంటారు, రాజ్యం నిజంగా బలహీనపడిందా అని అడుగుతారు.

భావజాలాల విషయంలో ప్రపంచీకరణ పండితుడు మాన్‌ఫ్రెడ్ స్టీగర్ విభజన స్పష్టంగా ఉంటుంది: స్వేచ్ఛా మార్కెట్టును సమర్థించే మార్కెట్ ప్రపంచవాదం, సమానత్వం కోరే న్యాయ ప్రపంచవాదం, మత సమాజాన్ని ప్రపంచమంతా విస్తరించాలనే మత ప్రపంచవాదం. మార్కెట్ ప్రపంచవాదం చేసే వాదనల్ని ఆయన జాబితాగా ఇచ్చారు. వాటిని చరిత్రతో పరీక్షించి చదవడం నాకు అలవాటైంది. ఆపలేనిదంటారా, 1914 తరువాత మూడు దశాబ్దాల్లో యుద్ధాలు, మాంద్యం, 1930లో అమెరికా పెంచిన సుంకాలు కలిసి దాన్ని ఆపనే ఆపాయి. ఎవరి చేతుల్లోనూ లేదంటారా, ప్రపంచ బ్యాంకుకూ అంతర్జాతీయ ద్రవ్య నిధికీ పునాది వేసిన 1944 బ్రెట్టన్ వుడ్స్ సమావేశం, 1947లో సుంకాలు తగ్గించుకోవడానికి 23 దేశాలు కుదుర్చుకున్న గాట్ ఒప్పందం, 1995 జనవరి 1న మొదలైన ప్రపంచ వాణిజ్య సంస్థ, ఇవన్నీ ఎవరో కూర్చుని సంతకాలు చేసిన ఫలితాలే. మరోవైపు, 1999లో అమెరికాలోని సియాటిల్‌లో వాణిజ్య సంస్థ సమావేశాన్ని అడ్డుకున్నవారిని, 2001లో బ్రెజిల్ దేశపు పోర్టో అలెగ్రేలో ప్రపంచ సామాజిక వేదికగా కలిసినవారిని "ప్రపంచీకరణ వ్యతిరేకులు" అని రాయడం తొందరపాటు. సరిహద్దులు దాటి చేతులు కలిపినవారు వాళ్లు. వాళ్లు కోరినది మరో రకం ప్రపంచీకరణ. సరిహద్దులు బిగించమనే జాతీయవాదాన్ని ఆ వరుసలో కలపకుండా విడిగా చూపాలి.

చివరి రివిజన్‌లో నా నోట్సు మొత్తం రంగుల్లోకి వచ్చేసింది, ఒక్క వాక్యం తప్ప: "ప్రపంచీకరణ అంటే పాశ్చాత్యీకరణ." నిర్వచనమా అంటే, అది కొత్తగా ఏమీ చెప్పదని షోల్ట్ ఆక్షేపించారు. సిద్ధాంతమా అంటే, సాంస్కృతిక ఆధిపత్యాన్ని వివరించేవారు దాన్ని కారణంగా చూపుతారు. భావజాలమా అంటే, ఆ మాటతోనే కొందరు దాన్ని ఆహ్వానిస్తారు, కొందరు తిరస్కరిస్తారు. ఆ వాక్యాన్ని పెన్సిల్‌తో రాసి వదిలేశాను. అసలు పరీక్షలో సంస్కృతిపై ప్రశ్న వచ్చినప్పుడు దానితోనే జవాబు మొదలుపెట్టి, ఏ రంగులో రాస్తే దాని అర్థం ఎలా మారుతుందో మూడు పేరాల్లో చూపించాను.