కీల్ బోల్టుల పని: ఏడింట్లో ఆరు బిగిశాయి, ఏడోది మొరాయిస్తోంది

పడవని ఒడ్డుకి ఎక్కించినప్పుడు కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) ముందు అంచులో, అది హల్‌ని (పడవ ఒళ్లు) కలిసే చోట వెంట్రుకంత పగులు కనిపించింది. ఫిల్లర్ ఊడిందేమో అని వదిలెయ్యబుద్ధి కాలేదు, బిల్జ్‌లో (పడవ లోపల అట్టడుగు భాగం) నీళ్లన్నీ తోడేసి, తుడిచి, కీల్‌ని పట్టి ఉంచే బోల్టుల ఏడు నట్లూ బయటపడేలా శుభ్రం చేశాను. సగం రోజు దానికే పోయింది.

పడవ బరువంతా కీల్ మీదే ఉంది, పక్కన స్టాండ్లు పడిపోకుండా ఆపడానికే. బిగించేటప్పుడు ఇలాగే ఉండాలి, కీల్ వేలాడుతుంటే దాని బరువునంతా బోల్టులతో పైకి లాగాల్సి వస్తుంది. నట్టుని ఎంత తిప్పుడు బలంతో (టార్క్) బిగించాలో నా పడవ తయారీదారు ఇచ్చిన లెక్క 150 న్యూటన్ మీటర్లు, అదీ పొడి మరలకి. మరలకి గ్రీజు రాసి అదే లెక్కకి బిగిస్తే ఒరిపిడి తగ్గి బోల్టు మీద లాగుడు చాలా ఎక్కువైపోతుంది, కాబట్టి వైర్ బ్రష్‌తో గీకడం తప్ప ఇంకేమీ రాయలేదు. నట్టు ఎంత తిరిగిందో తెలియడానికి ముందుగా ప్రతి నట్టు మీద, వాషర్ మీద కలిపి పెయింట్ పెన్‌తో ఒక గీత గీశాను. తర్వాత మధ్య నుంచి మొదలుపెట్టి ఒకటి ముందు, ఒకటి వెనక, 60, 110, 150 అని మూడు విడతల్లో, పెట్టిన లెక్క రాగానే క్లిక్ మనే టార్క్ రెంచ్‌తో బిగించాను. చేతికందే ఐదూ తలా కొంచెం తిరిగి ఆగిపోయాయి.

అసలు కష్టం ఆరోదానితో. మాస్ట్ (తెరచాప స్తంభం) నిలబడే దుంగ కింద ఉంది, నట్టు పైన 6 సెంటీమీటర్ల ఖాళీ కూడా లేదు, సాకెట్ పెడితే పైన రెంచ్ పట్టదు. చివరికి పక్క నుంచి పట్టే క్రోఫుట్ పానా వాడాను. ఇక్కడ లెక్క మారుతుంది: అది రెంచ్‌కి సూటిగా ముందుకి ఉంటే చెయ్యి పొడవు పెరిగినట్టే. నా రెంచ్ 50 సెంటీమీటర్లు, పానా ఇంకో 10, అంటే 150 కావాలంటే రెంచ్ మీద 125 పెట్టాలి (150ని 50తో గుణించి 60తో భాగిస్తే వచ్చేది). 90 డిగ్రీలకి తిప్పి పెడితే ఈ సర్దుబాటు అక్కర్లేదు, కానీ దుంగ అడ్డొచ్చి అలా కుదరలేదు. ఒక్కో ఊపుకి 20 డిగ్రీలు కూడా దొరకలేదు, ప్రతిసారీ పానా తీసి మళ్లీ తగిలించడమే. గంటన్నర పట్టింది గానీ క్లిక్ వినిపించగానే ప్రాణం లేచొచ్చింది!

ఏడోది ఇంజిన్ కింద. నిటారు ఎక్స్‌టెన్షన్ (సాకెట్‌కీ రెంచ్‌కీ మధ్య పెట్టే కడ్డీ) ఎంత పొడవున్నా టార్క్ మారదు కాబట్టి రెండు కలిపి కిందికి దింపి, ఫోన్ కెమెరాతో గీతని చూస్తూ తిప్పాను. మధ్యలో యూనివర్సల్ జాయింట్ (ఎటైనా వంగే కీలు) పెడితే తేలికయ్యేది, కానీ వంకరగా తిరిగితే రెంచ్ చూపించే అంకెని నమ్మలేం. 60 దాటింది. రెంచ్‌ని 90కి పెడితే నట్టు తిరుగుతూనే ఉంది, క్లిక్ మాత్రం రావట్లేదు. పావు చుట్టు దాటగానే టెన్షన్ మొదలై ఆపేశాను. ఫోటోలు పోల్చి చూస్తే వాషర్ ఒక అంచు కిందికి దిగిపోయింది. బోల్టు సాగడం కాదు, వాషర్ కింద ఉన్న చెక్క నలుగుతోందని నా అనుమానం, నీళ్లు దిగి మెత్తబడి ఉండొచ్చు.

ఇక బలం పెట్టి తిప్పేది లేదు. వచ్చే వారం ఆ ఒక్క నట్టూ తీసి, వాషర్ ఎత్తి, పక్కన సన్నటి రంధ్రం వేసి చూస్తాను. పొడి చెక్కపొట్టు వస్తే పెద్ద వాషర్ వేసి మళ్లీ బిగిస్తా, తడి పొట్టు వస్తే ఇంజిన్ బయటికి తీయక తప్పదు.