సుపీరియర్ పక్కన 'టు' ఎందుకు?

కర్నూల్లో పోటీ పరీక్షలకు ఇంగ్లిష్ గ్రామర్ చెబుతుంటాను. వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో మా పిల్లలు ఊరికే మార్కు పోగొట్టుకునే చోటు ఒకటుంది. 'దిస్ రైస్ ఈజ్ సుపీరియర్ దాన్ దట్' అని ఇస్తే సగం క్లాసు 'నో ఎర్రర్' మీద టిక్కు పెట్టేస్తుంది.

వాళ్లనేం అనలేం. మనకు దేన్ని దేనితో పోల్చినా 'కంటే' ఉంది, దానికి ఇంగ్లిష్‌లో 'దాన్' అని చిన్నప్పుడే బుర్రకెక్కింది. ఆదోని నుంచి వచ్చే పిల్లాడొకడు అడిగేశాడు: "ఈ మాటకు మాత్రం వేరే రూలు ఎందుకు పెట్టినారు మేడమ్?"

ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ సుపీరియర్ అంటే 'ఇంకా పైనున్నది'. ఇన్‌ఫీరియర్, సీనియర్, జూనియర్‌లదీ అదే పుట్టిల్లు. పోలిక మాటలోనే ఉంది కాబట్టి ముందు 'మోర్' పెట్టకూడదు, తర్వాత 'టు' రావాలి. ఇది బోర్డు మీద రాస్తే సాయంత్రానికి మర్చిపోతారు. అందుకే, "కాలేజీలో మీ పై ఏడాది చదివే అన్న మీకేమవుతాడు?" అని అడుగుతాను. "నాకు సీనియర్" అంటారు అందరూ. ఆ 'కు'నే ఈ 'టు'.

"నాకంటే రెండేళ్లు సీనియర్ అని కూడా అంటాం కదా మేడమ్?" అంది వెనక బెంచీ అమ్మాయి. నిజమే, అంటాం. కిటుకు పరీక్ష హాలు వరకే.

అర్థం దగ్గర కూడా తికమకే. సోనా మసూరి బస్తాల మీద 'సుపీరియర్ క్వాలిటీ' అని చూసీ చూసీ, సుపీరియర్ అంటే మేలురకం అనే స్థిరపడిపోయాం. దేనికంటే మేలో ఏ బస్తా మీదా ఉండదు, అది వేరే సంగతి. కానీ అమెరికా, కెనడాల మధ్యనున్న లేక్ సుపీరియర్‌కు ఫ్రెంచివాళ్లు ఆ పేరు పెట్టింది గొప్పదని కాదు, పైనున్న సరస్సు అని. గుండెకు పైనుంచి రక్తం తెచ్చే సిర సుపీరియర్ వీనా కేవా, కిందనుంచి తెచ్చేది ఇన్‌ఫీరియర్ వీనా కేవా. తమాషా ఏమంటే, రెండింట్లో పెద్దది ఇన్‌ఫీరియరే.

తర్వాతి క్లాసు 'ప్రిఫర్'. దానికీ 'టు'నే కావాలి, కానీ మనం 'టీ కంటే కాఫీ ఇష్టం' అనే అంటాం. అక్కడ ఈ 'కు' కిటుకు పారదు. కొత్తది వెతుకుతున్నాను.