దోటి చివర మందుగుండు

ఆగస్టు 23

ఈ ఉదయం అమ్మ జామకాయలు అడిగితే పెరట్లోకి వెళ్ళి దోటి తీశాను. చిటారు కొమ్మన పండబారిన నాలుగు కాయల్లో మూడు తేలికగానే వచ్చాయి. నాలుగోదాని దగ్గర కొక్కెం రెండు కొమ్మల పంగలో ఇరుక్కుపోయింది. నేను లాగినకొద్దీ చెట్టంతా ఊగింది, రాత్రి వాన నీళ్ళు నెత్తిన రాలాయి, దోటి మాత్రం రాలేదు. గట్టు మీద కూర్చున్న అమ్మ, "లాగకు నాన్నా, ముందుకు తోసి మెల్లగా తిప్పు" అంది. అలాగే చేస్తే కొక్కెం విడివడింది. పట్టుమని రెండు నిమిషాలు కూడా పట్టని ఈ పని ముగించుకొని లోపలికి వచ్చి క్యాలెండరు చూశాక, తేదీ కళ్ళబడి అక్కడే కాసేపు నిలబడిపోయాను.

1884లో ఇదే తేదీన, చైనాలోని ఫూచౌ నగరానికి దిగువన మిన్ నదిలో, ఒక చిన్న ఫ్రెంచ్ పడవ తన గెడను శత్రునౌక పక్కటెముకల్లోకి దింపి, వెనక్కి తీసుకోలేక అక్కడే చిక్కుకుపోయింది. ఆ గెడ చివర కొక్కెం కాదు, మందుగుండు నింపిన లోహపు డబ్బా ఉండేది. దానినే ఆనాడు టార్పెడో అనేవారు. టార్పెడో అంటే నీటి అడుగున తనంతట తాను దూసుకుపోయే ఇనుప గొట్టమే ఈనాడు మన కళ్ళ ముందు మెదులుతుంది. రాబర్ట్ వైట్‌హెడ్ 1866 నుంచీ అటువంటిదాన్ని తయారుచేస్తూనే ఉన్నా, అది అప్పటికింకా ఖరీదైనదీ, గురి నమ్మరానిదీ. అందువల్ల ఫ్రెంచ్ నౌకాదళం దానితోపాటు గెడ టార్పెడోను కూడా అట్టే పెట్టుకుంది. పడవ అణియం, అంటే ముందుభాగం, నుంచి ముందుకు చాచిన పొడవాటి గెడ, దాని కొసన నీటిలోకి వంగి వేలాడే డబ్బా, ఆ డబ్బా నుంచి పడవలోని బ్యాటరీ దాకా ఒక విద్యుత్తు తీగ, ఆయుధమంటే ఇంతే. పడవ చీకట్లోనో పొగలోనో శత్రునౌకను సమీపించి, డబ్బాను దాని నీటిమట్టం కిందికి చేర్చి పేల్చాలి. పేల్చే మనిషికీ పేలుడుకూ మధ్య ఉన్న దూరం గెడ పొడవు మాత్రమే.

ఫ్రెంచ్ వారు 1878 నమూనా అని పిలిచిన డబ్బాలో 13 కిలోల పేలుడు పత్తి ఉండేది. పత్తిని నత్రికామ్లం, గంధకామ్లం కలిపిన ద్రవంలో నానబెట్టి కడిగితే చూడటానికి మామూలు దూదిలాగే ఉండే ఈ పదార్థం వస్తుంది. తడిగా ఉన్నంతసేపు దానిని కోయవచ్చు, అచ్చుల్లో వేసి నొక్కవచ్చు. ఆ తడి ముద్దను లేపడానికి మధ్యలో కొంచెం పొడి పత్తిని, దానిని లేపడానికి పాదరసపు పేలుడు లవణాన్ని పెడతారు. పదమూడు కిలోలంటే మా ఇంటికి వచ్చే బియ్యపు బస్తాలో సగం బరువు. అంత చిన్న మూట ఓడను ముంచిందంటే ఆ బలంలో సగం నీటిదే. గాలిలో పేలితే వాయువు నాలుగు దిక్కులకూ పరుచుకొని చెదిరిపోతుంది. నీరు నలిగేది కాదు కనుక, లోతున పేలిన దెబ్బను చెదరనివ్వకుండా అదిమి, దగ్గరలో తేలిగ్గా లొంగే ఓడ అడుగు మీదికి నెడుతుంది.

మధ్యాహ్నం చేపల బజారుకు వెళ్ళినప్పుడు కూడా ఇదే ఆలోచన నన్ను వదలలేదు. రాశి పోసిన చేపల పక్కన, ఎవరూ కొనని వాటిలో, గుండ్రటి చదును శరీరంతో ఒక తిమిరి చేప పడి ఉంది. ముట్టుకుంటే చేయి తిమ్మిరెక్కించే ఆ చేపకు లాటిన్‌లో పేరు టార్పెడో, ఫ్రెంచ్‌లో తోర్పీయ్. నీటి అడుగున పొంచి ఉండి తాకగానే దెబ్బ కొట్టే ఆయుధానికి ఆ చేప పేరే పెట్టారు. మా విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఈ తీరపు రెండు వందల చేపలను బొమ్మలతో 1803లో అచ్చు వేయించినప్పుడు, ఇక్కడి జాలరులు పలికిన తిమిరి అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ మాట నుంచే తరువాత ఒక చేపల ప్రజాతికి టెమెరా అని శాస్త్రనామం వచ్చింది. ఆ లెక్కన ఫ్రెంచ్ వాడి తోర్పీయ్‌కు మన భాషలో సరైన మాట మా రేవులో ఎప్పటినుంచో ఉంది. ఆ చేపను నేను కొనలేదు గాని, అమ్మే ఆవిడ అనుమతితో ఒకసారి వీపు తాకి చూశాను. అది చచ్చి చాలాసేపయింది, చల్లగా, నునుపుగా ఉంది.

ఈ ఆయుధాన్ని ఫ్రెంచ్ వారు గుడ్డిగా నమ్మలేదు. 1877లో ఫ్రాన్సులోని షెర్బూర్ రేవు దగ్గర, థోర్నిక్రాఫ్ట్ సంస్థ కట్టిన ఆవిరి పడవకు గెడ బిగించి, బయొనేజ్ అనే తమ పాత యుద్ధనౌక మీదికే పంపారు. ఓడ అడుగు చిల్లుపడింది, పడవా అందులోని మనుషులూ క్షేమంగా బయటపడ్డారు. లక్షల ఫ్రాంకులు పోసి కట్టిన యుద్ధనౌకను నలుగురైదుగురు ఎక్కిన పడవ ముంచగలదన్న నమ్మకం అక్కడి కుర్ర అధికారుల్లో అప్పటినుంచి బలపడింది. అయితే ప్రయోగానికి పెట్టిన పాత ఓడ తిరిగి కాల్చదు కదా. తిరిగి కాల్చేవారి ముందు దీని పని ఏమిటో మిన్ నదిలో తేలింది.

ఆ నది కథ తలచుకున్నప్పుడల్లా నా మనసు బాధపడుతుంది. టోంకిన్, అంటే ఇప్పటి ఉత్తర వియత్నాం, విషయంలో ఫ్రాన్సుకూ చైనాకూ తగువు ముదిరి, నష్టపరిహారం కోసం బేరాలు సాగుతున్న రోజులవి. యుద్ధం ప్రకటించలేదు కనుక అడ్మిరల్ అమెడీ కూర్బే ఓడలు జూలైలోనే నదిలోకి ప్రవేశించి, మావెయ్ నౌకా కర్మాగారం ఎదుట, చైనా ఓడల పక్కనే లంగరు వేశాయి. నెలకు పైగా రెండు పక్షాలూ ఒకే నీటి మీద ఒకరినొకరు చూసుకుంటూ కాలం గడిపాయి. ఒకరి వంటపొగ మరొకరికి కనిపించేంత దగ్గర. ముందుగా కాల్చవద్దని చైనా వారికి పైనుంచి ఆజ్ఞ ఉంది.

కూర్బే ఎంచుకున్న ముహూర్తం ఆటుది. లంగరు వేసిన ఓడ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా అణియం పెట్టి తిరుగుతుంది. పోటు వేళ సముద్రం నుంచి నీరు ఎగువకు వస్తుంది కనుక, ఎగువన ఉన్న చైనా ఓడల అణియాలు ఫ్రెంచ్ వారివైపు ఉంటాయి. ఆటు మొదలై నీరు తిరిగి దిగువకు పారగానే ఓడలన్నీ తిరిగి, వాటి అమరాలు, అంటే తుపాకులు తక్కువగా ఉండే వెనుకభాగాలు, ఫ్రెంచ్ ఓడలకు ఎదురవుతాయి. అది మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతం. నది తన దినచర్య ప్రకారం ఓడలను తిప్పి పెట్టింది, అడ్మిరల్ అందుకోసమే కాచుకొని ఉన్నాడు. వోల్టా అనే నౌక మీద జెండా ఎగరగానే టార్పెడో పడవలు బయలుదేరాలి, జెండా దిగగానే ఫిరంగులు పేలాలి. రెండు గంటలకు ఇంకా కొన్ని నిమిషాలు ఉండగానే జెండా లేచింది.

నలభై ఆరో నంబరు పడవను దూజాన్ అనే లెఫ్టినెంటు చైనా ప్రధాన నౌక యాంగ్‌వూ మీదికి నడిపాడు. డబ్బా ఓడ అడుగున పేలింది, యాంగ్‌వూ పని దాదాపు మొదట్లోనే ముగిసింది. నలభై ఐదో పడవను లతూర్ అనే లెఫ్టినెంటు ఫూషింగ్ అనే ఓడ మీదికి నడిపాడు. దాని దెబ్బ సరిగ్గా తగలలేదు సరికదా, గెడ ఓడ ప్రక్కన ఇరుక్కుపోయింది. ఇంజనును వెనక్కి తిప్పినా పడవ రాలేదు. పైనుంచి తుపాకులు కాలుస్తున్నారు, లతూర్ కంటికి గాయమైంది. ఉదయం పెరట్లో నా చేతికి తెలిసింది ఇదే. చొచ్చుకొనిపోయిన కర్ర వెనక్కి లాగినంత మాత్రాన రాదు, పైగా లాగే బలమే దానిని ఇంకా బిగిస్తుంది. చివరికి ఎలాగో విడిపించుకొని వారు ప్రవాహంలో కొట్టుకుపోయారు. తరువాత వోల్టా లాంచీ ఒకటి లాపెరేర్ అనే యువ అధికారి కింద వెళ్ళి ఫూషింగ్ పని పూర్తిచేసింది. అతడే ఇరవై ఐదేళ్ళకు ఫ్రాన్సు నౌకామంత్రి అయ్యాడు.

నాకు అధికారుల పేర్ల కన్నా నలభై ఆరో పడవ బాయిలరు ఎక్కువ గుర్తుంటుంది. పేల్చి తిరిగి వస్తుండగా ఒక గుండు దానికి తగిలింది. నేను యవ్వనంలో ఒక చక్కెర కర్మాగారంలో బాయిలరు దగ్గర పదేళ్ళు పనిచేసిన మనిషిని. ఒకసారి ఒక సన్నటి గొట్టం అతుకు వీడితే వచ్చిన శబ్దం ఈ రోజుకీ చెవుల్లో ఉంది. ఆవిరి బయటికి వచ్చే తావు దగ్గర కంటికి కనిపించదు, అరగజం దూరం పోయి చల్లబడ్డాకే తెల్లగా కనబడుతుంది, కనిపించని ఆ అరగజమే చర్మాన్ని ఊడదీస్తుంది. మేము తలుపు తీసుకొని ఆవరణలోకి పరుగెత్తాము. ఆ పడవలో నిప్పు ఎగదోసేవాడు పరుగెత్తడానికి చోటు ఏది? తల పైకెత్తితే తుపాకీ గుండ్లు, లోపల కూర్చుంటే ఆవిరి. ఓడను ముంచిన ఘనత గెడ పట్టినవాడికి దక్కినా, ఆ గెడను శత్రువు దాకా తీసుకుపోయింది కొలిమి ముందు బొగ్గు వేసినవాడే. ఆవిరి పోయిన పడవ నది ఎటు తోస్తే అటు దిగువకు పోయింది.

ఆ రోజు ఫ్రెంచ్ వారిలో పదిమంది, చైనా వారిలో ఐదు వందల మందికి పైగా చనిపోయారు. ఫ్రాన్సులో ఆ పడవల సాహసాన్ని ఎంతగానో పొగిడారు, సాహసం ఉన్నమాట నిజం. కాని యాంగ్‌వూ ఎక్కడ పుట్టిందో తలచుకుంటే ఆ పొగడ్త నాకు గొంతు దిగదు. ఆ ఓడను కట్టింది ఎదురుగా కనిపిస్తున్న మావెయ్ కర్మాగారంలోనే. 1866లో మొదలైన ఆ కర్మాగారాన్ని దగ్గరుండి నిలబెట్టినవాడు ప్రోస్పర్ జికెల్ అనే ఫ్రెంచ్ నౌకాధికారి. అతని కింద ఫ్రెంచ్ మేస్త్రీలు చైనా కుర్రవాళ్ళకు నక్షా గీయడం, ఇనుము పోత పోయడం, ఇంజను బిగించడం నేర్పారు. పని నేర్పిన చేతికీ నేర్చుకున్న చేతికీ మధ్య ఉండే బంధం కర్మాగారంలో బతికినవాడికి తెలుస్తుంది. నాకు బాయిలరు పని నేర్పిన మేస్త్రీ గారి కాళ్ళకు నేను ఇప్పటికీ పండుగనాడు దణ్ణం పెట్టి వస్తాను. ఆ నేర్పిన దేశపు పడవే, నేర్చుకున్నవారు కట్టిన ఓడను, అది నీటిలోకి దిగిన ఒడ్డు ఎదుటే ముంచింది. మరునాడు ఫిరంగులు కర్మాగారం మీద కూడా పేలాయి.

రాత్రి భోజనాలయ్యాక, ఇదే ఆయుధం మరోసారి పలికిన షిపూ సంగతి రాసి పడుకుందామనుకున్నాను. 1885 ఫిబ్రవరి 14 రాత్రి, జెజియాంగ్ తీరంలోని షిపూ రేవు. తైవాన్ దిగ్బంధాన్ని ఛేదించడానికి వచ్చిన చైనా ఓడల్లో యూయువాన్ అనే పెద్ద యుద్ధనౌకా, చెంగ్‌చింగ్ అనే చిన్న నౌకా అక్కడ తలదాచుకున్నాయి. మరునాడు వారికి సంవత్సరాది, చాంద్రమానం కనుక అది అమావాస్య చీకటి. కూర్బే ఈసారి ప్రత్యేకంగా టార్పెడో పడవలను కూడా తెప్పించలేదు. తన నౌక బయార్‌కు చెందిన రెండు మామూలు ఆవిరి లాంచీలకు నల్లరంగు పూయించి, అణియానికి గెడలు బిగించి, గూర్దోన్, ద్యుబోక్ అనే ఇద్దరు అధికారులతో పంపాడు. తెల్లవారుజామున ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు యూయువాన్‌ను చేరి పేల్చారు. తుపాకీ గుండు తగిలి ఫ్రెంచ్ వారిలో ఒకడు చనిపోయాడు. అలజడిలో చైనా వారు చీకట్లోకి విచ్చలవిడిగా కాల్చారు. వెలుగు వచ్చాక చూస్తే యూయువాన్‌తోపాటు చెంగ్‌చింగ్ కూడా మునిగి ఉంది. దానికి తగిలినవి యూయువాన్ గుండ్లేనని ఫ్రెంచ్ వారు భావించారు.

లాంచీలు మాత్రం వచ్చిన దారి పోగొట్టుకొని, చీకట్లో మరో పాయ పట్టి ఎటో వెళ్ళాయి. పేలుడు వినబడింది గాని మనుషులు తిరిగి రాకపోవడంతో బయార్ మీద అందరూ ఆందోళనతో గడిపారు. చివరికి సోన్ అనే మరో ఫ్రెంచ్ ఓడ వాటిని కనుగొంది. ఒక లాంచీలో చనిపోయినవాడి శరీరం, రెండింటిలోనూ రాత్రంతా మెలకువగా ఉన్న మనుషులు, ముందుకు చాచిన గెడల కొసన ఇప్పుడు డబ్బాలు లేవు.

అమ్మ నిద్రపోయింది. నాలుగో జామకాయ ఆమె తలగడ పక్కనే ఉంది, రేపు తింటానంది. దోటి వానలో తడవకుండా చూరు కింద పెట్టి వచ్చాను.