కాటుకకు చుండ్రు తగ్గింది, పార్లర్‌వాళ్ళ మీద కోపం మాత్రం తగ్గలేదు

నిన్న సాయంత్రం మా కాటుకను దువ్వి చూస్తే దువ్వెనలో వెంట్రుకలే ఉన్నాయి, పొట్టు లేదు. ఆ సంతోషం ఉండగానే ఇది రాసేస్తున్నాను. కుక్కల్ని పెంచేవాళ్ళకి పనికొస్తుంది.

కాటుక నల్ల లాబ్రడార్, మూడేళ్ళ ఆడపిల్ల. విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. తెల్ల కుక్కకైతే చుండ్రు పట్టినా ఎన్నాళ్ళకో గానీ కనపడదు, నల్లదానికి దాగదు. చలికాలం మొదలయ్యేసరికి తోక మొదట్లో, నడుం మీద కొబ్బరికోరు చల్లినట్టు తెల్లటి పొట్టు. అది పడుకుని లేచిన దుప్పటి మీద కూడా అదే. గోక్కోవడం పెద్దగా లేదు, తిండీ ఆటా మామూలే. మా అత్తయ్య చూసి "కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయమ్మా" అన్నారు. నూనె రాస్తే నాకేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. కుంకుడు రసం మాట కూడా వచ్చింది. కంట్లో పడితే మనమే తట్టుకోలేం, నోరులేని జీవానికి ఎందుకా మంట? రెండూ వద్దన్నాను.

మాకు దగ్గర్లో ఒక గ్రూమింగ్ పార్లర్ ఉంది. పేరు రాయను. కౌంటర్‌లో కూర్చున్నతను కాటుకను ముట్టుకోకుండానే "డాండ్రఫ్ మేడం, ప్యాకేజీ ఉంది, వారం వారం తీసుకురండి, గ్యారంటీ" అన్నాడు. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నాడు. ఏ షాంపూ అని అడిగితే "ఇంపోర్టెడ్ మేడం". సీసా చూపించమంటే లోపలుంది అన్నాడు. లోపలికి మనల్ని రానివ్వరు. అద్దంలోంచి చూస్తే ఒళ్ళంతా నురగ పట్టించడం, ఆ వెంటనే నీళ్ళు కొట్టేయడం, ఆపైన పెద్ద బ్లోయర్. అది ఎంత వేడి గాలో బయటికి వచ్చాక కాటుక చెవులు పట్టుకుంటే తెలిసేది. ఆ రోజుకి ఒళ్ళు నిగనిగలాడేది, సెంటు వాసన వచ్చేది. రెండు రోజులు గడిచేసరికి పొట్టు ఇంకా ఎక్కువ. అడిగితే "లోపలి మురికి బయటికి వస్తోంది మేడం, కంటిన్యూ చేయండి" అనేవాడు.

చివరిసారి వెళ్ళింది ఆదివారం. కుర్చీలన్నీ నిండిపోయాయి. స్నానం అయ్యాక కాటుకను టేబుల్ ఎక్కించి దువ్వుతున్న కుర్రాడు ఉన్నట్టుండి దువ్వెన పైకెత్తి, "సార్, ఈ కుక్కకి స్కిన్ డిసీజ్! మాకూ అంటుకుంటది, మిగతా కుక్కలకీ అంటుకుంటది" అని అందరికీ వినపడేలా అరిచాడు. అంతే. పమేరియన్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావిడ లేచి గోడవైపుకి వెళ్ళిపోయింది. ఒకాయన తన కుక్కను గొలుసు పట్టి బయటికి లాక్కుపోయాడు. కౌంటర్ అతను మాస్కు పెట్టుకుని వచ్చి, "ఇలాంటి కుక్కని తెచ్చేముందు చెప్పాలి కదా మేడం. ఇల్లు నీట్‌గా ఉంచుకోకపోతే ఇట్లాగే వస్తాయి" అన్నాడు.

నా ముఖం మండిపోయింది. ఇన్ని వారాలుగా నా డబ్బు తీసుకుని దాని ఒళ్ళు తోమింది ఎవరు? అక్కడే, అందరి ముందే అడిగాను. జవాబు లేదు. పైగా టేబుల్ కడగాలి, టవళ్ళు పారేయాలి అని శానిటైజేషన్ ఛార్జీ వేసి బిల్లు చేతిలో పెట్టాడు. ప్యాకేజీలో మిగిలిన డబ్బు వెనక్కి ఇవ్వమంటే "రూల్స్‌లో లేదు మేడం" అన్నాడు. ఇంత జరుగుతుంటే కాటుక టేబుల్ మీద తడిగా నిలబడే ఉంది. తోక కాళ్ళ సందులో పెట్టుకుని, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళవైపు చూస్తోంది. దాన్ని ఎత్తి దించబోతే పొట్టకింద నా చేతికి షాంపూ జిగురు తగిలింది. సరిగ్గా కడగనైనా లేదు వాళ్ళు. ఆ ఛార్జీ నేను కట్టలేదు. దాని మెడపట్టీ పట్టుకుని అంతమంది మధ్యలోంచి నడిపించుకుని వచ్చేశాను.

మా ఇంట్లో రోజూ తడిగుడ్డ పెట్టి తుడుస్తాం, కాటుక దుప్పట్లు విడిగా ఉతికి ఎండలో వేస్తాం. ఇంటికి వచ్చినవాళ్ళు కుక్క ఉందని కూడా కనిపెట్టలేరు. నన్ను ఆ మాట అన్నాడు అతను! అసలు డాక్టరు కాని మనిషి రోగం పేరు చెప్పడానికి ఎవరు? మూగజీవాన్ని చూసి అసహ్యపడేవాళ్ళు ఆ వ్యాపారం పెట్టకూడదు. గ్రూమింగ్ అంటే గోళ్ళు తీయడం, జుట్టు దువ్వడం. చర్మం సంగతి పశువుల డాక్టరే చూడాలి.

మర్నాడే గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆటో, ఓపీ చీటీ, లైను, ఏదీ పెద్ద కష్టం కాలేదు. లోపల చూసిన డాక్టరమ్మ ముందు అన్నీ అడిగింది: ఏం పెడుతున్నారు, ఎన్నాళ్ళకోసారి స్నానం, ఏ షాంపూ, ఇంట్లో ఎవరికైనా దురద ఉందా అని. తర్వాత నల్ల కాగితం పరిచి, సన్నపళ్ళ దువ్వెనతో నడుం మీద దువ్వి, రాలిన పొట్టును భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చెయిలెటియెల్లా అని కంటికి ఆనీ ఆనని పురుగు ఒకటుందట. అది ఉంటే కాగితం మీద పొట్టు తనంతట తాను కదులుతుంది. ఆ రకమైతే నిజంగానే వేరే కుక్కలకీ, పిల్లులకీ అంటుతుంది, మనుషులకీ చేతుల మీద, పొట్ట మీద దద్దుర్లు వస్తాయి. నేను ఊపిరి బిగబట్టి ఆ కాగితం వంకే చూశాను. పొట్టు కదలలేదు. ఆ తర్వాత టేపు ఒంటికి అంటించి తీసి, ఈస్టు, బాక్టీరియా ఉన్నాయేమో మైక్రోస్కోపు కింద చూశారు. బ్లేడుతో చర్మం పైపైన గీకి ఇంకో స్లైడు కూడా తీశారు. అదీ శుభ్రమే. థైరాయిడ్ తగ్గినా ఇలా పొట్టు రాలుతుందట. కాటుకకు బరువు పెరగడం, మందకొడితనం, జుట్టు ఊడడం లేవు కాబట్టి ఆ రక్తపరీక్ష ఇప్పుడే వద్దంది.

"దీనికి రోగం లేదమ్మా. మొదట కాస్త పొడి చర్మం, ఘాటు షాంపూతో, వేడి గాలితో ఇంకా ఎండగొట్టారు" అని తేల్చింది. అంటువ్యాధి కాదని చీటీ మీద రాయించుకున్నాను. ఆ చీటీ పట్టుకుని, జనం ఉండే టైము చూసి మరీ పార్లర్‌కి వెళ్ళి కౌంటర్ మీద పెట్టాను. గట్టిగా చదివాను కూడా. మిగిలిన డబ్బు అప్పుడు లెక్కపెట్టి ఇచ్చాడు.

డాక్టరమ్మ చెప్పినదాంట్లో నాకు బాగా ఎక్కింది ఇది. కుక్క చర్మం పైపొర సుమారు 3 వారాలకోసారి మారుతుంది. చర్మంలో ఊరే సన్నటి జిడ్డు తేమను పట్టి ఉంచుతుంది. ఆ జిడ్డును పదేపదే కడిగేస్తే పొర త్వరత్వరగా ఊడి పొట్టవుతుంది. చుండ్రును మురికి అనుకుని ఇంకా ఇంకా తోమేవాళ్ళు చేసేది ఇదే. మన తలకు రాసుకునే చుండ్రు షాంపూ కూడా పనికిరాదు. మన చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 దగ్గర ఉంటుంది, కుక్కది 7కి దగ్గరగా.

ఇప్పుడు స్నానం ఇంట్లోనే, నా చేతులతోనే. ముందు పొడిగా ఉన్నప్పుడే రబ్బరు బ్రష్‌తో దువ్వుతాను. ఊడే జుట్టు, పొట్టు అక్కడే సగం పోతుంది. నీళ్ళు గోరువెచ్చగా, మణికట్టు మీద పోసుకుంటే వేడి తెలియనంత. లాబ్రడార్ జుట్టు నీళ్ళను లోపలికి పోనివ్వదు. పైన తడిసినట్టే ఉంటుంది, వేలు పెడితే చర్మం పొడిగా ఉంటుంది. అందుకని జుట్టుకు ఎదురు చెయ్యి దువ్వుతూ నిదానంగా పోయాలి. డాక్టరమ్మ రాసిన ఓట్స్ షాంపూను మగ్గులో నీళ్ళు కలిపి పట్టిస్తాను. ఇక అసలు సంగతి: షాంపూ ఒంటిమీద 10 నిమిషాలు ఉండాలి. పార్లర్‌లో ఒక్క నిమిషం కూడా ఉంచలేదు. ఆ 10 నిమిషాలూ కాటుకను నిలబెట్టడానికి కీరా ముక్కలు చాలు. ఒక్కో ముక్క ఇస్తూ మెల్లగా మర్దన చేస్తాను. కడగడం షాంపూ పెట్టినదానికన్నా ఎక్కువసేపు పట్టాలి. చంకలు, తొడల సందులు, వేళ్ళ మధ్య జిగురు మిగిలితే దురద అక్కడే మొదలవుతుంది. మా బోరునీళ్ళకు బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది, అందుకని ఆఖరి కడుగు మున్సిపాలిటీ నీళ్ళతో. తువ్వాలుతో రుద్దకుండా అద్దుతాను, తర్వాత ఫ్యాన్ కింద కూర్చోబెడతాను. బ్లోయర్ మాట ఎత్తను.

మొదట్లో వారానికోసారి, ఇప్పుడు నెలకోసారి. మొదటి స్నానాల తర్వాత అతుక్కున్న పొట్టు వదిలి ఇంకా ఎక్కువ రాలినట్టు కనపడింది. డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి టెన్షన్ పడలేదు. రోజూ దువ్వడం మాత్రం మానకూడదు. చర్మంలోని నూనె జుట్టంతా పరుచుకునేది దువ్వితేనే.

తిండి విషయంలో అత్తయ్యను ఒప్పించడం కష్టమైంది. ఆవిడ ప్రేమగా పెట్టే పెరుగన్నంలో చర్మానికి కావలసిన కొవ్వులు, జింకు చాలినంత ఉండవట. ఇప్పుడు కుక్కల ఫుడ్డు, ఉడకబెట్టిన గుడ్డు, బరువును బట్టి డాక్టరమ్మ రాసిన చేపనూనె. చేపనూనె గుణం కనపడడానికి 6 నుంచి 8 వారాలైనా పడుతుంది, పది రోజులకే ఆపేయకండి. సొంతంగా మోతాదు పెంచకండి, కడుపు పాడవుతుంది. హెర్బల్ అని అమ్మే సీసాల్లో టీ ట్రీ ఆయిల్ ఉందేమో చదివి కొనండి, అది గాఢంగా పడితే కుక్కకు విషం.

వాసన వస్తున్నా, ఒళ్ళు జిడ్డుగా ఎర్రగా ఉన్నా, జుట్టు ఊడి మచ్చలు పడినా, మీ చేతులమీదే దద్దుర్లు కనపడినా ఇంటి స్నానాలతో కాలం గడపకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు కొన్ని రోజులు స్నానం చేయించకుండా, నూనె, పౌడరు రాయకుండా తీసుకెళ్ళండి, పరీక్షలో ఉన్నది ఉన్నట్టు దొరుకుతుంది. వాడుతున్న షాంపూ సీసా కూడా వెంట పెట్టుకోండి. గన్నవరం వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, గేదెలూ మేకలూ చూసి బెదిరే కుక్కైతే గొలుసు పొట్టిగా పట్టుకోండి.