రెండో టర్బో

తమ్ముడికి తెలుగు రాయడం రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది ఒడియా. అందుకని నాకు ఏది చెప్పాలన్నా వాయిస్ మెసేజే పెడతాడు. 2024 జనవరిలో ఒక రాత్రి పెట్టినదాంట్లో మాట లేదు, కారు శబ్దం ఒక్కటే ఉంది. ఆక్సిలరేటర్ తొక్కేకొద్దీ సన్నగా మొదలై పైపైకి లేచే ఈల, దూరంగా అంబులెన్సు వస్తున్నట్టు. దోహాలో మా గదిలో పై మంచం మీద పడుకుని నాలుగుసార్లు విన్నాను. ఇంజన్లోకి గాలి కుక్కే టర్బో పోతోంది. వెంటనే ఫోన్ చేశాను.

"ఒరే, టర్బో మార్పించానన్నావు కదా, ఎన్నాళ్ళైంది?"

"ఆరు నెల్లు కాలేదన్నా. మళ్ళీ పికప్పు లేదు. నీలం పొగొస్తంది. ఘాటీ ఎక్కుతుంటే ఎనక బండోల్లు తిడతన్నారు."

"ఆయిల్ పైపు మార్చారా?"

"అదేటి?"

ఆ ఒక్క మాటతో నాకు సగం అర్థమైపోయింది. బండి కదపొద్దని చెప్పి, మర్నాడే సెలవు కాగితం పెట్టాను. మహాశివరాత్రి మార్చి 8న. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కే జనమే మావాడికి ఏడాదిలో పెద్ద సంపాదన. ఆ లోపల బండి లేవాలి.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అటు వెళ్ళిన ఊరు. ఇప్పుడు గజపతి జిల్లాకి కేంద్రం. ఊరు దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. దుకాణాల బోర్డులు ఒడియాలో ఉంటాయి, లోపల బేరం తెలుగులో సాగుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఇప్పటి పిల్లలు తెలుగు అక్షరాలు నేర్వకుండానే పెద్దవాళ్ళైపోతున్నారు. నాకు అక్షరం వచ్చిందంటే పాతపట్నంలో మావయ్య ఇంట్లో ఉండి చదువుకోవడం వల్ల. ఆ భాగ్యం తమ్ముడికి దక్కలేదు. కారు మాత్రం నేను పంపిన డబ్బుతోనే కొన్నాం, 2017లో, పాతది, 1248 సీసీ డీజిల్. మా జిల్లాలోనే ఉన్న చంద్రగిరిలో టిబెటన్ల మఠం చూసేవాళ్ళని, విశాఖ ఆసుపత్రులకి వెళ్ళే రోగులని, మహేంద్రగిరి భక్తులని మోస్తుంది. ఆ బండి మీదే అమ్మా, వాడూ, వాడి భార్యా పిల్లలూ బతుకుతున్నారు.

నేను 2013లో హెల్పర్ వీసా మీద ఖతర్ వెళ్ళాను. దోహా ఇండస్ట్రియల్ ఏరియాని మేమంతా సనయ్యా అంటాం. నంబర్ల వీధులు, వీధి పొడుగునా షెడ్లు, ఆ వెనకే మేం పడుకునే గదులు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం ఊరంతా తవ్వి పోస్తున్న రోజులవి. టిప్పర్లు, నీళ్ళ ట్యాంకర్లు, కూలీలని తిప్పే బస్సులు మా షెడ్డుకి వచ్చేవి. ఆ మట్టిగాలికి ఎయిర్ ఫిల్టర్ ఎప్పటికప్పుడు నిండిపోయేది. ఫిల్టర్ దాటి ఇసుక లోపలికి వెళ్ళిందంటే టర్బో రెక్కల అంచులు ఎలుక కొరికినట్టు అయిపోతాయి.

మా ఫోర్‌మన్ మలయాళీ. ఆయనకొక పద్ధతి ఉండేది. పోయిన టర్బో విప్పాక, అది ఎందుకు పోయిందో అట్టముక్క మీద రాసి, తీగతో దానికే కట్టాలి. కారణం రాయనిదే స్టోర్లోంచి కొత్తది ఇచ్చేవాడు కాదు. "పోయింది" అని రాస్తే అట్ట చింపేసేవాడు. ఎందుకు పోయింది, ఆయిల్ అందకా, ఆయిల్లో మురికా, ఇసుకా, బోల్టు ముక్కా, అది రాయాలి. మొదట్లో విసుగొచ్చేది. పన్నెండు గంటల పని చివర్లో అట్టముక్క పట్టుకుని కూర్చోవాలంటే ఏడుపొచ్చేది. ఆ అట్టముక్కలే నాకు పని నేర్పాయి.

టర్బో అంటే ఏం లేదు, ఒకే ఇరుసుకి రెండు చక్రాలు. సైలెన్సర్‌కి వెళ్ళే పొగ ఒకదాన్ని తిప్పితే, ఆ తిరుగుడుకి రెండోది గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి దీనికి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. మా కారు లాంటి చిన్న ఇంజను 4,000 చుట్లు తిరిగితేనే గోల పెడుతుంది. దాని టర్బో ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా వెళ్తుంది. ఇరుసేమో పెన్సిలంత. బుష్షుల్లో నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ నూనె కొన్ని సెకన్లు అందకపోతే చాలు, ఇనుమూ ఇనుమూ రాసుకుని పని అయిపోతుంది. అందుకే టర్బో పోయిందని ఎవరైనా అంటే నేను ముందు నూనె దారి చూస్తాను.

దోహా నుంచి హైదరాబాదు, అక్కణ్ణించి విశాఖ, ఆ తర్వాత గుణుపూర్ ప్యాసింజరు. పెట్టెలో అమ్మకి బాదంపప్పు, పిల్లలకి చాక్లెట్లు, అడుగున గుడ్డలో చుట్టి, నట్లు కొలిచిన బలంతో బిగించే టార్క్ రెంచి. విశాఖలో దిగి ముందు గాజువాక ఆటోనగర్‌కి వెళ్ళాను. కొత్త టర్బో, కొత్త ఆయిల్ పైపు, అతుకుల మధ్య వేసే గ్యాస్‌కెట్లు, రాగి వాషర్లు, నట్లు ఎక్కించే స్టడ్లు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు అన్నీ ఒకేసారి కొన్నాను. టర్బో ఒక్కటి చాలు కదా అని దుకాణదారు అడిగాడు. పైపు లేకుండా టర్బో తీసుకెళ్ళనని చెప్పాను.

పెరట్లో చింతచెట్టు కింద పని పెట్టాం. ముందు చక్రాలు లేపి రెండు స్టాండ్లు వేశాం, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాం. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరొద్దని తమ్ముడికి రెండుసార్లు చెప్పాను. బ్యాటరీ నెగెటివ్ తీసేశాం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, గాలి గొట్టాలు, వేడి తగలకుండా కప్పిన రేకు వరసగా విప్పాం. గొట్టంలో వేలు పెడితే నల్లగా నూనె. టర్బో ఇరుసుని రెండు వేళ్ళతో పట్టుకుని కదిపి చూశాను. పక్కకి రవ్వంత ఆడితే తప్పు లేదు, ముందుకీ వెనక్కీ ఆడకూడదు. ఇది టక్ టక్ మంటోంది. రెక్కలు లోపలి గోడని గీకి మెరిసే గీత పడింది. ఆ రాత్రి వాట్సాప్‌లో మనం విన్న ఈల ఇక్కణ్ణించే వచ్చిందని తమ్ముడికి చూపించాను.

ఇంజను పొగ బయటికొచ్చే మ్యానిఫోల్డుకి టర్బోని పట్టి ఉంచేది మూడు నట్లు. ఎర్రగా కాలీ కాలీ తుప్పుతో ఒకటైపోయాయి. ఇక్కడ తొందరపడితే స్టడ్డు విరుగుతుంది, విరిగితే మ్యానిఫోల్డు ఊడదీసి లేతుకి పట్టుకెళ్ళాలి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఆ రాత్రికి వదిలేశాం. పొద్దున్నే మళ్ళీ కొట్టి, సాయంత్రం పట్టాను. రెండు నట్లు వచ్చాయి. మూడోది స్టడ్డుతో సహా తిరిగి బయటికొచ్చింది. కొత్త స్టడ్డు నా దగ్గర ఉంది కాబట్టి అది మంచే జరిగింది.

అప్పుడు తీశాను ఆ ఆయిల్ పైపు. వేలికంటే సన్నం, జానెడు పొడుగు. నోట్లో పెట్టుకుని ఊదాను. గాలి కదల్లేదు. తమ్ముడికిచ్చాను. బుగ్గలుబ్బించి ఊదాడు, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గానీ గాలి పోలేదు. కోసి చూపిస్తే లోపల బొగ్గు. ఇంజను వేడికి నూనె మాడి, పొర మీద పొర కట్టి, చివరికి గుండుసూది కూడా పట్టని కన్నం మిగిలింది. మొదటి టర్బోని చంపింది ఈ పైపే. పాత పైపుకే రెండో టర్బో బిగించారు, అదీ పోయింది. కట్టిన మెకానిక్కుని నేను తప్పుపట్టను. గిరాకీ ఖర్చు తగ్గించమని అడుగుతాడు, ఈయన పాత పైపు తుడిచి పెడతాడు. అందరూ చేసేదే.

ఘాటీ ఎక్కి టీ కోసం ఆగగానే తాళం తిప్పేస్తావా అని అడిగాను. "మరేటి, డీజిలు తగలెడతామేటి?" అన్నాడు. కొండెక్కిన బండికి టర్బో నిప్పులా ఉంటుంది. ఇంజను ఆగగానే నూనె ఆగిపోతుంది, ఆ వేడికి లోపల నిలిచిన నూనె మాడుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్లో ఉంచి ఆపితే ఆ వేడి దిగుతుంది. వాడికి ఇది ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పదకొండేళ్ళు అదే పని చేస్తూ, వారం వారం వాడితో మాట్లాడుతూ, ఈ ముక్క చెప్పాలని నాకు తోచనే లేదు.

పైపు మూసుకుపోయేంత మురికి ఎక్కడిదో చూడాలి కదా. మూడో రోజు ఇంజను అడుగున నూనె నిలిచే చాంబరు దించాం. అడుగున జిగురు, నల్లటి గోంగూర పచ్చడిలా. నూనె పీల్చే జాలీ సగం మూసుకుపోయింది. అందులో సిలికాన్ గమ్ము ముక్కలు కూడా ఉన్నాయి. గ్యాస్‌కెట్ బదులు గమ్ము పూస్తే అంచుకి పొంగిన ముక్కలు తెగి నూనెలో పడతాయి, నూనె దార్లని మూస్తాయి. టర్బోకి ఆయిల్ పైపు బిగించే ఫ్లాంజీకి గమ్ము ఎప్పుడూ పూయకూడదు.

"ఆయిల్ ఎప్పుడు మార్చావురా?"

వాడు వెంటనే చెప్పలేదు. స్క్రూ డ్రైవర్‌తో ఆ జిగురు గీకుతూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "కరోనా అప్పుడు నువ్వు పంపలేకపోయావు కదన్నా. బండి కూడా తిరగలేదు. ఆ తర్వాత అమ్మకి కళ్ళ ఆపరేసను. ఆయిలు తర్వాత మార్పిద్దాం అనుకున్నాను. అలా అలా అయిపోనాది."

2020 మార్చిలో సనయ్యాలో కొన్ని వీధులు మూసేసినప్పుడు మేం లోపలే ఉండిపోయాం. గదికి ఎనిమిదిమంది. తిండికి లోటు లేకపోయినా జీతం సగమే వచ్చింది, కొన్ని నెలలు అదీ రాలేదు. నేను పంపలేదు. వాడు అడగలేదు. నేను బాధపడతానని ఆయిల్ సంగతి కూడా చెప్పలేదు. నాలుగేళ్ళ తర్వాత ఆ నెలలన్నీ చాంబరు అడుగున పేరుకుని కనిపించాయి.

అమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ రోజంతా మమ్మల్నే చూసేది. నేను దోహాలో ఏం చేస్తానో ఆమెకి తెలీదు. కంపెనీలో పని అని చెప్పేవాణ్ణి, అంతే. బండి కిందనుంచి బయటికొచ్చేసరికి నా ముంజేతి మీద పాత కాలిన మచ్చలు వేలితో తడుముతూ, "అక్కడా ఇలాగే ఎల్లకిలా పడుకుని సేస్తావేటి నాయనా?" అంది. "నీడలోనేనమ్మా, షెడ్డు ఉంటాది" అన్నాను. ఇంకేం అడగలేదు. ఆ పూట నా కంచంలో అన్నం మామూలు కంటే ఎక్కువ పడింది.

నాలుగో రోజు బిగింపు. టర్బో కుక్కే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ని కిరసనాయిలుతో కడిగి అప్పటికే రెండు రోజులు ఎండలో తలకిందులుగా పెట్టాం. ఇది చాలామంది వదిలేస్తారు. పాత టర్బో కక్కిన నూనె అందులో నిలిచి ఉంటే, ఇంజను దాన్నే పీల్చుకుని మండిస్తుంది. దోహాలో ఒక టిప్పరు అలాగే తాళం తీసేసినా ఆగకుండా అరుస్తుంటే, ఫోర్‌మన్ గాలి గొట్టం మూతికి ప్లైవుడ్ చెక్క అడ్డంపెట్టి ఆపాడు. ఆ శబ్దం నేను మర్చిపోలేదు. అందుకే కడిగిన కిరసనాయిలు కూడా చుక్క మిగలకూడదు.

కొత్త టర్బో నూనె రంధ్రంలో మంచి నూనె పోసి, చక్రాన్ని చేత్తో తిప్పాను. కొత్త పైపు, కొత్త రాగి వాషర్లు. నట్లు టార్క్ రెంచితో, పుస్తకంలో ఉన్నంతే. ఇంజను స్టార్ట్ కాకుండా ఇంజెక్టర్ల కనెక్టర్లు పీకేసి, స్టార్టర్ పది సెకన్ల చొప్పున తిప్పించాను. కింద నూనె దిగే గొట్టం వదులుగా ఉంచి దాని మూతి దగ్గర టార్చి పట్టుకున్నాను. రెండోసారికి ఏమీ లేదు. మూడోసారికి ఒక చుక్క. తర్వాత సన్నటి తేనెరంగు ధార. తమ్ముడు సీట్లోంచి దిగొచ్చి మోకాళ్ళ మీద వంగి ఆ ధారనే చూస్తూ ఉండిపోయాడు.

గొట్టం బిగించి, కనెక్టర్లు పెట్టి, స్టార్ట్ చేశాం. పది నిమిషాలు ఐడిల్లోనే. పొగ కాసేపు వచ్చి ఆగిపోయింది. ఈల లేదు. లీకు లేదు. సాయంత్రం పాతపట్నం దాకా వెళ్ళొచ్చాం. శివరాత్రికి మావాడు మహేంద్రగిరి దారిలో అయిదు ట్రిప్పులు వేశాడు. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ చూశాను, ఆయిల్ కూడా తొందరగానే ఒకసారి మార్చాం.

నేను తిరిగి బయల్దేరే ముందు రోజు, పాత టర్బోకి కట్టడానికి అట్టముక్క కత్తిరించాను. పెన్ను తీసేసరికి తమ్ముడు చెయ్యి చాపాడు.

"నాను రాస్తానన్నా. సదూకోవల్సినోణ్ణి నానే కదా."

నేను చెప్తుంటే వాడు ఒడియాలో రాశాడు. నూనె పైపు మూసుకుపోయింది. ఆయిల్ మార్చలేదు, 2020 నుంచి. ఆ కింద వాడంతట వాడే ఇంకో వాక్యం చేర్చాడు. ఏం రాశావని అడిగితే చదివి వినిపించాడు: అన్నకి చెప్పలేదు. తీగ చుట్టి, పెరటి గోడకి మేకు కొట్టి తగిలించాడు.